ఎకరం ఖాళీ జాగాలో ఏం కట్టాలి? కాలనీ ఆటస్థలానికి పోలికలు, లెక్కలు

పదెకరాల లేఅవుట్ వేస్తే అందులో దాదాపు పది శాతం, అంటే ఎకరం దాకా, ఖాళీ స్థలంగా వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అయినా, విజయవాడ, విశాఖ శివార్లలో అయినా కొత్త కాలనీల్లో ఆటలకు మిగిలేది చాలాచోట్ల ఆ ఎకరమే. 4,840 గజాలు. చుట్టూ ఇళ్ళు నిండాక మళ్ళీ అంత జాగా కొనడం ఎవరి తరమూ కాదు. నిధులు మంజూరైన వారం లోపల, ఎక్కడో చూసొచ్చిన ఫొటోను బట్టి దాని తలరాత తేల్చేయడం మాత్రం తరచుగా జరుగుతోంది.

కాలనీ సంఘాలు, కార్పొరేటర్లు, మున్సిపల్ ఇంజనీర్లు కలిసి కూర్చుని తేల్చుకోవడానికి పనికొచ్చే పోలిక ఇది. గజం నేల రోజుకు ఎన్ని గంటలు, ఎంతమందికి, ఎవరెవరికి ఉపయోగపడుతుందో ముందు లెక్క కట్టండి. ఏ ఆట అన్నది ఆ తర్వాత దానంతటదే తేలుతుంది.

ముందు వారం రోజులు లెక్కపెట్టండి

ఏడు రోజులు, రోజుకు నాలుగుసార్లు (ఉదయం 6, 11, సాయంత్రం 5, రాత్రి 9) ఆ జాగా దగ్గర, దాని చుట్టూ ఉన్న రోడ్ల మీద ఎవరున్నారో నోట్‌బుక్కులో రాసుకోండి. పిల్లలు, కుర్రాళ్ళు, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు అని నాలుగు గళ్ళు చాలు. గోడ మీద బొగ్గుతో వికెట్లు గీసి ఆడే పిల్లలను, స్కూల్ బస్సు వెళ్ళాక వీధి చివరదాకా జంటగా నడిచే ఆడవాళ్ళను, ఆదివారం పని లేని భవన కార్మికులను, డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులను అందరినీ లెక్కలోకి తీసుకోండి. కిలోమీటరు లోపల ఉన్న స్కూళ్ళలో మైదానం లేనివి ఎన్నో అడగండి. ఆ స్కూళ్ళ పీఈటీ సార్లు, మేడమ్‌లు అరగంటలో చెప్పే సంగతి ఏ సర్వేలోనూ దొరకదు.

సంఘం మీటింగులో చేతులెత్తించి నిర్ణయించడం మంచి పద్ధతి కాదు. ఆ మీటింగుకు వచ్చేది ఎక్కువగా సొంత ఇల్లున్న, వయసు మళ్ళిన మగవాళ్ళు. అద్దెకు ఉండేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలు, పన్నెండేళ్ళ ఆడపిల్లలు అక్కడ ఉండరు. ఆడవాళ్ళను అంగన్‌వాడీ దగ్గర, స్కూల్ గేటు దగ్గర అడగండి. కూలీలను వాళ్ళ షెడ్ల దగ్గరికే వెళ్ళి, హిందీలో అడగండి. పాతబస్తీలో అయితే ఫుట్‌బాల్ సంగతి తప్పక అడగాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. బార్కాస్ లాంటి చోట్ల ఆ ఆట ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ జాగా అంతటినీ క్రికెట్ నెట్లకు ఇచ్చేస్తే ఉన్న ఆటను చేజేతులా చంపినట్టే.

మనిషికి ఎన్ని గజాలు

కోర్టు గీతలతో పాటు చుట్టూ పరిగెత్తడానికి వదలాల్సిన ఖాళీ కూడా కలిపితే తేడా ఎంతుందో చూడండి. టెన్నిస్ కోర్టుకు చుట్టూ ఖాళీతో కలిపి 36.57 మీటర్ల పొడవు, 18.29 మీటర్ల వెడల్పు కావాలి. అంటే 800 గజాలు. ఆడేది నలుగురు. మనిషికి 200 గజాలు, ఒక ఇంటి ప్లాటంత. ఫుల్ బాస్కెట్‌బాల్ కోర్టు 28 × 15 మీటర్లు, ఖాళీతో కలిపి పదిమందికి సుమారు 730 గజాలు, అంటే మనిషికి 73. నాలుగు షటిల్ కోర్టుల షెడ్డుకు దాదాపు 750 గజాలు, డబుల్స్ ఆడితే 16 మంది, మనిషికి 47. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 430 గజాలు, 12 మంది, మనిషికి 36. కబడ్డీ కోర్టు మగవాళ్ళకు 13 × 10, ఆడవాళ్ళకు 12 × 8 మీటర్లు. చుట్టూ రెండేసి మీటర్లు వదిలినా 285 గజాల్లో 14 మంది ఆడతారు, మనిషికి 20.

ఎకరం చుట్టూ 2.4 మీటర్ల వెడల్పున వాకింగ్ ట్రాక్ వేస్తే సుమారు 240 మీటర్ల చుట్టు వస్తుంది. పొద్దుటి రద్దీలో 50 మంది నడిచినా మనిషికి 14 గజాలే పడుతుంది. పైగా ఆ 50 మందిలో చీర కట్టుకున్న అమ్మమ్మ దగ్గర్నుంచి మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళ దాకా ఉంటారు.

అలాగని కబడ్డీ, వాకింగ్ తప్ప ఇంకేం వద్దని అర్థం చేసుకోకూడదు. టెన్నిస్ కోర్టు అడిగేవాళ్ళు ఆ 800 గజాల్లో ఇంకెవరి వాటా ఎంత పోతోందో చూసి అడగాలి, అంతే.

ఈత కొలను: చిక్కు నీళ్ళతోనే

గజాల లెక్కలో ఈత కొలను బాగానే ఉంటుంది. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు ఉన్న కొలనులో నేర్చుకునేవాళ్ళు 40 మంది ఒకేసారి దిగవచ్చు. సగటు లోతు 1.2 మీటర్లు అనుకుంటే పట్టే నీళ్ళు 3 లక్షల 75 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 75. ఎండాకాలంలో ఆవిరై పోయేదే రోజుకు రెండు, రెండున్నర వేల లీటర్లు. ఫిల్టర్ కడగడానికి పోయేది అదనం. కాలనీ ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఏప్రిల్, మే నెలల్లోనే కొలనుకూ గిరాకీ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చన్నీళ్ళలో దిగేవాళ్ళు తక్కువ. జీతాలు, కరెంటు మాత్రం పన్నెండు నెలలూ.

నీళ్ళన్నీ ఆరు గంటలకోసారి ఫిల్టర్‌లోంచి వెళ్ళాలంటే గంటకు 60 వేల లీటర్లకు పైగా తోడే పంపులు కావాలి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళకు ఒకటి నుంచి మూడు పాళ్ళు), పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ ఎనిమిది దాటితే ఎంత క్లోరిన్ పోసినా దాని బలం పడిపోతుంది, కళ్ళు మండుతాయి, నీళ్ళు మబ్బుగా మారతాయి. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ కుమ్మరిస్తే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. మే నెల ఎండలో పంపు రెండు రోజులు ఆగిందంటే కొలను పచ్చబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం: ప్రతి బ్యాచ్‌కూ శిక్షణ పొందిన లైఫ్‌గార్డు గట్టు మీద ఉండాలి, ఆడవాళ్ళ బ్యాచ్‌కు ఆడమనిషే ఉండాలి. ఈ రెండు జీతాలకు ఏటా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాయలేకపోతే కొలను కట్టకండి. ఈత ప్రతి పిల్లా నేర్చుకోవాల్సిన విద్య, అందులో సందేహం లేదు. అందుకే పది కాలనీలకు కలిపి, మంజీరా, కృష్ణా, గోదావరి పైపులైను నీళ్ళు నిలకడగా వచ్చేచోట, ఒక్కటి బాగా నడిచేలా కట్టాలి.

షటిల్ షెడ్డు, టర్ఫ్: డబ్బు తెచ్చిపెట్టే రెండు

పుల్లెల గోపీచంద్ అకాడమీ 2008లో మొదలయ్యాక హైదరాబాద్‌లో షటిల్ మీద మోజు ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. షెడ్డు కడితే వానాకాలంలోనూ ఆట ఆగదు, గంటకింత అని అద్దె వస్తుంది. కట్టేటప్పుడు ఎక్కువగా తప్పేది ఎత్తు. గోదాముకు వేసినట్టు 6 మీటర్ల ఎత్తున రేకులు వేసేస్తారు. లాంగ్ సర్వీస్ కొడితే షటిల్ ట్రస్‌కు (రేకులను మోసే ఇనుప చట్రానికి) తగులుతుంది. కోర్టు మీద అడ్డం లేకుండా కనీసం 9 మీటర్లు ఉండాలి, అంతర్జాతీయ పోటీలకైతే 12. తర్వాత తప్పేది లైట్లు. కోర్టు నడినెత్తిన పెడితే పైకి చూసిన ప్రతిసారీ కళ్ళు జిగేలుమంటాయి. రెండు కోర్టుల మధ్య ఖాళీ మీద, పక్కల నుంచి పెట్టాలి. గోడలకు తెల్ల సున్నం వద్దు, ముదురు ఆకుపచ్చో నీలమో వేస్తే తెల్ల షటిల్ కనబడుతుంది. కొత్త కాంక్రీటు పూర్తిగా ఆరకముందే సింథటిక్ మ్యాటు అతికిస్తే కింది చెమ్మ పైకొచ్చి మ్యాటు బుడగలు కడుతుంది. చెప్పులేసుకుని నడిచినా ఆ బుడగలు కాలికి తెలుస్తాయి. ఆరిందో లేదో చూడటం సులువే: అర మీటరు పాలిథిన్ షీటును నాలుగు పక్కలా టేపుతో నేలకు అతికించి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమట పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

బాక్స్ క్రికెట్ టర్ఫ్‌కు, అంటే చుట్టూ నెట్లు కట్టి ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న మైదానానికి, ఇప్పుడు గిరాకీ ఎక్కువ. రాత్రి 9 తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, రంజాన్ నెలలో తరావీహ్ నమాజు అయ్యాక పాతబస్తీ కుర్రాళ్ళు ఆడే ఆట ఇది. రాత్రి ఆటకు మంచిదే. పగలు మాత్రం ప్లాస్టిక్ గడ్డి ఎండకు కాగిపోతుంది. నడివేసవిలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అది ఎవరికీ పనికిరాదు. పిల్లలకు సెలవులు వచ్చేదీ అప్పుడే. బ్యాట్స్‌మన్ నిలబడే చోట, బౌలర్ కాలు పడే చోట ముందు అరిగిపోతుంది కాబట్టి ఆ రెండు ముక్కలూ విడిగా మార్చుకునేలా వేయించాలి. చప్పుడు గొడవ కూడా చిన్నది కాదు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్. బెడ్‌రూమ్ కిటికీలకు ఇరవై అడుగుల దూరంలో టర్ఫ్ వేసి, రాత్రి ఒంటిగంట దాకా స్లాట్లు అమ్మితే ఆర్నెల్లలో కేసు పడుతుంది.

రెంటిలోనూ ఉన్న అసలు లోపం వేరు. గంటకు అద్దె పెట్టగానే ఇస్త్రీ బండి అతని కొడుకు బయట నెట్ పట్టుకుని చూస్తూ నిలబడతాడు. ప్రభుత్వ జాగాలో కడుతున్నప్పుడు సాయంత్రం 4 నుంచి 6 దాకా పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఉచితం, రోజూ ఒక గంట ఆడవాళ్ళకు మాత్రమే అన్న షరతులు లీజు కాగితంలోనే రాయాలి. నోటిమాటగా ఒప్పుకున్న షరతు మొదటి సీజన్ కూడా దాటదు.

మట్టి కోర్టు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఆట

మేము ముందుగా ఎంచుకునేది ఇదే. ఒకే 24 × 15 మీటర్ల మట్టి కోర్టులో వాలీబాల్, త్రోబాల్, బాల్ బ్యాడ్మింటన్ మూడూ ఆడవచ్చు. నెట్ ఎత్తు మార్చుకుంటే చాలు: వాలీబాల్‌కు మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24, త్రోబాల్‌కు 2.2, బాల్ బ్యాడ్మింటన్‌కు 1.83. పోల్స్‌ను కాంక్రీటులో శాశ్వతంగా పాతేయకుండా 60 సెంటీమీటర్ల లోతు పైపు తొడుగులు పాతి, వాటిలో దించేలా పెట్టండి. తొడుగు అడుగున గుప్పెడు కంకర పోయకపోతే వాన నీళ్ళు నిలిచి రెండేళ్ళలో తుప్పు పట్టి పోల్ ఇరుక్కుపోతుంది. తొడుగులకు మూతలు తప్పనిసరి. తెరిచి ఉన్న తొడుగులో పిల్లల కాలు పడుతుంది.

అడుగు లోతు తవ్వి, కింద 15 సెంటీమీటర్లు 40 ఎంఎం కంకర, దానిమీద అయిదారు సెంటీమీటర్ల మొరం, పైన 10 సెంటీమీటర్లు జల్లించిన ఎర్రమట్టి, ఇసుక కలిపి పోయాలి. రోలర్ తిప్పాక అణిగిపోయేది కూడా కలిపితే పైపొరకే సుమారు 16 ట్రాక్టర్ ట్రిప్పులు పడతాయి. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుకతో మొదలుపెట్టి తడిపి చూడండి. పిడికిట్లో పట్టి వదిలితే ముద్దగా నిలవాలి, బొటనవేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. ముద్ద జిగటగా సాగితే ఇసుక తక్కువైంది, ఎండాకాలంలో కోర్టు నెర్రెలిస్తుంది. ముద్దే కట్టకపోతే ఇసుక ఎక్కువైంది, కాలు జారుతుంది. వారానికి రెండుసార్లు సాయంత్రం నీళ్ళు చల్లి రోలర్ తిప్పాలి. వాడకపు నీళ్ళు వడగట్టి వాడినా సరిపోతుంది.

గుంటూరు వైపులా నల్లరేగడి నేలైతే ఈ అడుగు తవ్వకం చాలదు. రేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. రెండడుగులు తీసేసి మొరం నింపకపోతే కాంక్రీటు కోర్టు అయినా మొదటి వేసవికే పగులుతుంది. జాగా ఒకప్పుడు కుంట శిఖం భూమి (కుంట నిండితే నీళ్ళు నిలిచే నేల) అయితే అక్కడ షెడ్డు, కాంక్రీటు ఆలోచన మానేసి గడ్డి మైదానంగానే ఉంచండి. నాలుగు రోజులు నీళ్ళు నిలిచినా దానికేం కాదు.

బయటి కోర్టు ఏదైనా పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకపోతే సాయంత్రం ఆటలో ఒక జట్టు కళ్ళల్లోకి సూర్యుడు కొడతాడు. కాంపౌండ్ గోడకు సమాంతరంగా ఉండాలని కోర్టును తూర్పు పడమరలుగా వేసి చెడగొట్టడం చాలాచోట్ల కనబడుతుంది. కాంక్రీటు మీద అక్రిలిక్ రంగు వేయించేటట్లయితే ఒకే వైపుకు ఒక శాతం వాలు అడగండి: 15 మీటర్లకు 15 సెంటీమీటర్లు. రంగు వేయకముందే కోర్టంతా నీళ్ళు పట్టి గంట ఆగండి. ఎక్కడైనా రూపాయి బిళ్ళ మునిగేంత నీళ్ళు మిగిలితే ఆ చోటు సరిచేసేదాకా బిల్లు పాస్ చేయవద్దు.

వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్

ట్రాక్‌కు నున్నటి టైల్స్ వేయిస్తే వానాకాలంలో పాచి పట్టి పెద్దవాళ్ళు జారిపడతారు. పేవర్ బ్లాకులు అడుగు సరిగ్గా దిమ్మిస చేయకపోతే ఏడాదిలో ఎగుడుదిగుడు అవుతాయి. రెండు పక్కలా కెర్బ్ రాళ్ళు పెట్టి, మొరం మీద రాతి డస్ట్ పోసి రోలర్ తిప్పిన బాటే మోకాళ్ళకు మేలు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కోసం గేటు నుంచి టాయిలెట్ దాకా మాత్రం జారకుండా చీపురుతో గీతలు గీసిన కాంక్రీటు బాట వేయాలి, ర్యాంపుకు అడుగు ఎత్తుకు కనీసం పన్నెండడుగుల పొడవు ఉండేలా. బైకులు రాకుండా పెట్టే జిగ్‌జాగ్ గేట్లు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తాయి. 90 సెంటీమీటర్ల సందు వదిలి మధ్యలో ఒక పోల్ పాతితే బైకూ కుర్చీ రెండూ ఆగిపోతాయి. కాబట్టి పోల్ బదులు వాచ్‌మన్‌ను పెట్టడమే దారి.

ఓపెన్ జిమ్ పరికరాలు ఎనిమిది చాలు, ఇరవై వద్దు. చెట్టు నీడ లేని చోట పెడితే పదింటికే ఇనుము పట్టుకోలేనంత కాలుతుంది. ముందు పోయేవి బేరింగులు. మూడు నెలలకోసారి గ్రీజు పెట్టే మనిషి పేరు కాంట్రాక్టులో ఉండాలి.

ఎకరాన్ని ఎలా పంచాలి

మా సిఫారసు ఇది. గోడ వెంబడి ఒకటిన్నర మీటర్ల మేర వేప, కానుగ చెట్లు. దాని లోపల 2.4 మీటర్ల ట్రాక్. ఒక మూల 24 × 15 మట్టి కోర్టు, పక్కనే కబడ్డీ. గేటుకు దగ్గర టాయిలెట్లు, వస్తువుల గది. ట్రాక్‌కు ఆనుకుని జిమ్, పిల్లల ఊయలలు. ఊయల కింద టైల్స్, సిమెంటు వద్దు. అడుగు మందం ఇసుక పోస్తే పడినా దెబ్బ తగ్గుతుంది. నడుమ 40 × 30 మీటర్ల నేల ఏమీ కట్టకుండా వదిలేయండి. మామూలు రోజుల్లో అది పిల్లల క్రికెట్, 27 × 16 మీటర్ల ఖోఖో, ఫుట్‌బాల్. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది సాయంత్రాలూ వీధి వీధి ఆడవాళ్ళు కలిసేది అక్కడే. అంతా నెట్లు, టర్ఫ్ వేసి నింపేసిన కాలనీల్లో బతుకమ్మను ట్రాఫిక్ మధ్య రోడ్డు మీద ఆడుతున్నారు. ఏడాదిలో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా బయటికొచ్చే పండక్కి చోటు లేకుండా చేసే ప్లాను ఎంత ఖరీదైనదైనా తప్పుడు ప్లానే. షామియానా మేకులు కోర్టుల్లో కొట్టకుండా నడిమి నేల అంచున ఇనుప కొక్కేలు ముందే పాతించండి.

షటిల్ షెడ్డుకు 35 × 18 మీటర్ల చోటు కాగితం మీద గుర్తించి పెట్టుకోండి కానీ మొదటి ఏడాది కట్టకండి. ఏడాదిపాటు జనం ఎలా వాడుతున్నారో చూశాక అవసరమనిపిస్తే అప్పుడు.

ఉన్నది 500 గజాలే అయితే ఒక్క మట్టి కోర్టు, రెండు బెంచీలు, చెట్లు. వేరే ఆలోచన అక్కర్లేదు. అయిదెకరాలుంటే లెక్క మారుతుంది. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కు సుమారు 177 × 93 మీటర్లు, అంటే నాలుగెకరాలు కావాలి, దాని నడుమ ఫుట్‌బాల్ మైదానం వస్తుంది. 2002 జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో కట్టినలాంటి స్టేడియాలు నగరానికి కావాలి, పతకాలకు అవీ అవసరమే. కానీ పదేళ్ళ పిల్ల రోజూ ఆడాలంటే అమ్మ తోడు లేకుండా పది నిమిషాల్లో నడిచి చేరాలి. ఎనిమిది వందల మీటర్లు దాటితే, మధ్యలో ఒక పెద్ద రోడ్డు అడ్డమొస్తే, ఆ పిల్ల రాదు.

టాయిలెట్, తాళం, ఏటా డబ్బు

మొదటి బిల్లు టాయిలెట్లదే కావాలి. ఆడవాళ్ళకు రెండు, మగవాళ్ళకు ఒకటి, చక్రాల కుర్చీ పట్టేది ఒకటి. టాయిలెట్ లేని మైదానంలో ఆడపిల్లలు అరగంటకు మించి ఉండరు, కోచింగ్ అంటే గంటన్నర. చీకటి పడ్డాక గేటు నుంచి రోడ్డు దాకా లైటు లేకపోతే కోర్టులో ఎన్ని ఎల్ఈడీలు పెట్టినా సాయంత్రం బ్యాచ్ నిండదు.

నిర్మాణానికి పెట్టిన డబ్బులో కనీసం ఐదు శాతం ఏటా నిర్వహణకు విడిగా పెట్టించండి. నెట్లు, బంతులు, గ్రీజు, మట్టి, వాచ్‌మన్ జీతం అందులోంచే రావాలి. తాళం ఒక్కరి దగ్గరే ఉంటే ఆయన ఊరెళ్ళిన రోజున మైదానం మూతపడుతుంది. మూడు తాళంచెవులు చేయించి వాచ్‌మన్‌కు ఒకటి, దగ్గర్లో ఉండే పీఈటీకి ఒకటి, పొద్దున్నే ఐదింటికి నడవడానికి వచ్చే ఆడవాళ్ళలో ఒకరికి ఒకటి ఇవ్వండి.